నాకు రాని సగం కథ

ఇప్పుడు ఈ పనికి వచ్చే ఆడపిల్లలు ఫోను తీసి గోడ మీద బొమ్మలు ఆడిస్తారు. బొమ్మే మాట్లాడుతుంది, బొమ్మే పాట పాడుతుంది. వీళ్లు పక్కన నిలబడి కాలు మార్చుకుంటూ ఉంటారు. మంచిదే, గొంతు అరగదు. మా రోజుల్లో బొమ్మల చుట్ట ఉండేది. పెద్ద పెద్ద కాగితాల మీద రంగు బొమ్మలు, పైన ఒక కర్ర, కింద ఒక కర్ర. ఇంటివాళ్ల తలుపు మేకుకు తగిలించి ఒక్కో బొమ్మా తిప్పుతూ కథ చెప్పాలి. చంకలో పెట్టుకుని బస్సు ఎక్కితే కండక్టరు చాప అనుకుని లగేజీ టికెట్టు తీసుకోమనేవాడు. నేను ఎప్పుడూ తీసుకోలేదు. అంచులు చినిగితే రాగి గంజితో పాత పంచ ముక్కలు అతికించి ఆ చుట్టను నేనే బతికించినాను. ఆ సంగతి ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

మా పనికి బైబిలు స్త్రీ అని పేరు. ఊళ్లలో బైబులమ్మ అనేవాళ్లు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల ఊళ్లు తిరగాలి. అరుగుల మీద ఆడవాళ్లను కూర్చోబెట్టి పాత నిబంధన కథలు చెప్పాలి, జబ్బుపడినవాళ్లను చూసి రావాలి. నేను చదివింది మూడో తరగతి. అక్షరం అక్షరం కూడబలుక్కుని ఒక పేజీ చదివేలోపల పొయ్యి మీద అన్నం మాడిపోతుంది. అందుకని కథలన్నీ చెవితోనే నేర్చుకున్నాను. మా చర్చి పాస్టరు అయ్యగారి భార్య, మేము అమ్మగారు అనేవాళ్లం, వరండాలో కూర్చోబెట్టి నేర్పేది.

ఆ అమ్మగారే నా పక్కన ఒక జతను పెట్టింది. నాకంటే చిన్నది. మొగుడు ఇంకో ఊళ్లో ఇంకో కాపురం పెట్టుకున్నాడు, పుట్టింట్లో అన్నదమ్ములు గుమ్మం తొక్కనివ్వలేదు. చర్చి కాంపౌండులో ఒక గది ఇస్తే అందులో ఉండేది. అమ్మగారు మా ఇద్దరి గొంతులూ విని పని పంచింది.

"నీ గొంతు గట్టిది. నువ్వు తీర్పు చెప్పు. ఆమె గొంతు మెత్తనిది. ఆమె కనికరం చెప్తుంది."

ప్రతి కథనూ అట్లా రెండు ముక్కలు చేసినారు. జలప్రళయం కథలో నీళ్లు కొండలెక్కి అందరూ మునిగిపోయేదాకా నాది, పావురం ఆకు పట్టుకుని తిరిగి రావడం ఆమెది. ఆకాశం నుంచి నిప్పులు కురిసి ఊళ్లు మాడిపోవడం నాది. అంతకుముందు ఒక ముసలాయన దేవుడికి ఎదురు నిలబడి, మంచివాళ్లు కొందరున్నా ఊరిని వదిలిపెట్టవా అని బేరమాడటం ఆమెది. మా ఎండిపోయిన ఊళ్లలో జలప్రళయం చెప్పినప్పుడు మాత్రం నా పప్పులు ఉడికేవి కావు. ఆడవాళ్లు భయపడకపోగా, "అందులో కొంచెం మా చెరువులోకి పోయమని చెప్పమ్మా మీ దేవునికి" అనేవాళ్లు.

కొన్నాళ్లకే నాకు నిప్పులమ్మ అని పేరు పడింది. ఆమెకు వానమ్మ అని పేరు. మా సీమలో వాన అనే పేరు ఎవరికి పెడతారో చెప్పనక్కర్లేదు. నేను వస్తే పిల్లలు చేతులు కట్టుకునేవాళ్లు, ఆమె వస్తే చేతులు చాచేవాళ్లు. నాకు స్టూలు వేసేవాళ్లు, ఆమెకు ఒడిలో సీతాఫలాలు పోసేవాళ్లు. చెన్నేకొత్తపల్లి వైపు గొర్రెలు మేపుకునే ఒక ముసలమ్మ ఉండేది. నేను చెప్తున్నంతసేపూ ఉన్ని దువ్వుకుంటూ కూర్చుని, నా వంతు అయిపోగానే దువ్వెన పక్కన పెట్టి, "ఇంగ నువ్వు చెప్పు పాపా" అని ఆమె వైపు తిరిగేది. ఆ దువ్వెన కింద పెట్టిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆమె వంతు మొదలవగానే నేను లేచి బయటికి పోయేదాన్ని. చెప్పులు వరసగా పెట్టడమో, మేకలు లోపలికి రాకుండా చూడటమో, ఏదో ఒక పని ఉండేది. అట్లా ఏళ్లకు ఏళ్లు గడిచినాయి. నా సగాలు నాకు కంఠతా వచ్చు. ఆమె సగాలు నా వెనక జరిగేవి.

పది ఆజ్ఞల్లో ఒక మాట ఉంది, దేవుడు రోషముగల దేవుడు అని. తనకు చెందాల్సింది ఇంకొకరికి పోతే ఊరుకోడు అని దాని అర్థం. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు ఇంకా పైకి లేచేది. దేవుడికే అంత రోషం ఉన్నప్పుడు నాకు కొంచెం ఉంటే ఎవరికి నష్టం అనుకునేదాన్ని.

ఒకసారి మడకశిర వైపు ఒక ఊరికి పోయినాము. ఆ రోజు ఆ ఊళ్లో దేవర, అదే ఊరి అమ్మవారి జాతర, జరుగుతోందని మాకు తెలియదు. కథలు వినే తీరిక ఎవరికీ లేదు. బస్సు సాయంత్రానికి గానీ రాదు. నేను బస్సు షెల్టరులో చుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆమె, మాకు తెలిసిన ఒక తల్లిని చూసి వస్తానని పోయింది. ఆ తల్లి బిడ్డకు మూర్ఛ వచ్చేది.

కాసేపటికి డప్పులతో జనం వచ్చినారు. ఆడవాళ్లు తలల మీద పిండి జ్యోతులు పెట్టుకుని నడుస్తున్నారు. వాళ్ల మధ్యలో ఆమె, భుజం మీద ఆ బిడ్డతో. అమ్మవారి గుడి ముందు అందరూ నిలబడితే ఆమె కూడా నిలబడింది. జ్యోతి దించేదాకా అక్కడే ఉంది. తిరిగి వచ్చేటప్పటికి పైట మీద పసుపు.

"ఏమ్మా, నువ్వు చేసిన పనేమి?" అన్నాను.

"బిడ్డను ఎత్తుకున్న్యా అక్కా."

"యాడ ఎత్తుకున్నావు?"

"వాళ్లమ్మ నెత్తిన జ్యోతి ఉండాది. మూర్ఛ బిడ్డని ఎవురూ ముట్టుకోవడం ల్యా. కింద పెడితే జనం తొక్కుతారు గదా."

"గుడి ముందర నిలబడితివి."

"వాళ్లు ఆడ నిలబడిరి. బిడ్డను ఎత్తుకుని నేనొక్కదాన్ని ముందుకు పోతే తల్లి ఏమైపోవల్ల?"

"రోషముగల దేవుడు అని నేను చెప్తాంటే ఊరంతా వింటాది. పక్కన కూచున్న నీకు వినపడల్యా?"

ఆమె నవ్వింది. "నీ గొంతు చెవిటోళ్లకి కూడా వినపడతాదిలే అక్కా."

ఆ నవ్వు నాకు ఎక్కడో తగిలింది. మరునాడు పోయి అయ్యగారికి చెప్పినాను. చూసింది చూసినట్టు చెప్పినాను, ఒక్క మాట కలపలేదు. అయ్యగారు చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ఆమె మీద నీకేమైనా కోపం ఉందామ్మా?"

"నాకేముంటుందయ్యా. పని సరిగ్గా జరగాల గదా."

పెనుకొండలో ఏటా స్త్రీల కూడిక, అంటే ప్రార్థన సభ, జరుగుతుంది. మూడు వైపుల ఊళ్ల నుంచీ ఆడవాళ్లు వస్తారు. ఆ రోజే సంఘం పెద్దలు కూర్చుని ఆమె సంగతి తేలుస్తామన్నారు. అంతదాకా ఆమె కథ చెప్పకూడదు. తీసేస్తే పని పోతుంది, పనితోపాటు కాంపౌండులో గది పోతుంది. పోవడానికి ఆమెకు ఇంకో గడప లేదు. అది నాకు తెలుసు, అందరికీ తెలుసు. కూడికలో కథ మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి గదా, రెండు సగాలూ నన్నే చెప్పమన్నారు.

నాకు సంతోషం కలిగింది. దాచుకోవడం ఎందుకు. ఇన్నేళ్లకు కథ మొత్తం నా చేతికి వచ్చింది.

ఆ ఏడు చెప్పాల్సింది చేప కడుపులో పడిన ప్రవక్త కథ. ఒక పాపిష్టి పట్టణానికి పోయి నాశనమవుతావని చెప్పిరమ్మని దేవుడు ఆయన్ని పంపుతాడు. ఆయన పోకుండా ఓడెక్కి పారిపోతాడు. తుఫాను, చేప, మళ్లీ ఒడ్డు. చివరికి పోయి పట్టణం నడివీధిలో నిలబడి, నలభై రోజుల్లో మీరు నాశనం అని కేకేస్తాడు. అక్కడిదాకా నాది. పట్టణమంతా గోనెపట్టలు కట్టుకుని ఏడిస్తే దేవుడు వదిలిపెట్టినాడని కూడా నాకు తెలుసు. అయ్యగార్ల ప్రసంగాల్లో విన్నాను. వాళ్ల ప్రసంగాలు అక్కడికే ఆగిపోయేవి.

చుట్టలో ఇంకొక బొమ్మ మిగిలేది. దూరంగా పట్టణం. ఇవతల ఒక సొరపాదు, దాని కింద తల పట్టుకుని కూర్చున్న ఒక మనిషి. నేను ఎన్నోసార్లు ఆ కాగితం వెనక గుడ్డ అతికించినాను గానీ ఆ మనిషి ఎవరని ఎవరినీ అడగలేదు. ఊరికి క్షమాపణ దొరికినాక పంటలు పండి రైతు నీడన కూర్చున్నాడని నేనే ఒక అర్థం చేసుకున్నాను.

కూడిక ముందురోజు ఆమె నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఆఖరు బొమ్మ కథ చెప్తా, నేర్చుకుంటావా?"

"నాకు రాదని నీకెవురు చెప్పిరి?"

ఆమె వెనక్కి తిరిగింది. పోతూ పోతూ నా గుమ్మం దగ్గర ఎండబెట్టిన వడియాలు కాకులు తినకుండా గుడ్డ కప్పి పోయింది. అదీ నాకు కోపమే.

పెనుకొండలో చర్చి ముందు షామియానా వేసినారు. జనం నిండినారు. పెద్దలు ముందు కుర్చీల్లో ఉన్నారు, అయ్యగారు ఒక పక్కన. ఆమె అందరికంటే వెనక, కొంగు భుజం చుట్టూ కప్పుకుని కూర్చుంది.

నా సగం ఆ రోజు చెప్పినట్టు ఎప్పుడూ చెప్పలేదు. తుఫాను చెప్తుంటే ముందు వరసలో ఒకామె పక్కనామె చెయ్యి పట్టుకుంది. నలభై రోజులు అని నేను కేకేస్తే షామియానా కట్టేవాళ్లు కూడా ఆగి చూసినారు. అయిపోయినాక, పట్టణం ఏడ్చిందనీ దేవుడు వదిలిపెట్టినాడనీ కరెంటు తీసేస్తామని దండోరా వేసినట్టు గబగబా చెప్పి ఆఖరు బొమ్మ తిప్పినాను.

"ఊరు బాగుపడింది. ఈయన ఆ ఊరి రైతు. సొరకాయలు బాగా కాసినాయి" అన్నాను.

గొర్రెల ముసలమ్మ ముందే కూర్చుంది. "ఆయప్ప రైతు కాదే. వానమ్మ వేరే చెప్తాది" అంది.

ఎవరో నవ్వినారు. ఇంకెవరో నవ్వినారు. ఆడవాళ్ల తలలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగినాయి. అయ్యగారి వైపు చూస్తే ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు. ఆమె కథ చెప్పకూడదు, నాకు కథ రాదు. బొమ్మ మాత్రం తలుపంత వెడల్పున వేలాడుతోంది.

అప్పుడు వెనక నుంచి ఆమె, కూర్చున్నచోట నుంచే, నాకు మాత్రమే చెప్తున్నట్టు అంది.

"అక్కా, ఆయప్ప ప్రవక్తే."

నేను గొంతు సవరించుకుని అందరికీ చెప్పినాను. "ఈయన ప్రవక్తే."

"ఊరు కాలిపోల్యా అని కోపం చేసుకున్న్యాడు."

"ఊరు కాలిపోలేదని కోపం చేసుకున్నాడు" అన్నాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది.

"నువ్వు కనికరపడతావని నాకు ముందే తెలుసు, అందుకే పారిపోయినా, ఇంగ నన్ను చంపెయ్ అన్న్యాడు."

అదీ చెప్పినాను. ఎవరూ నవ్వడం లేదు. ఆమె ఒక మాట అందించడం, నేను దాన్ని పెద్దగా అనడం. బావిలో నుంచి ఒకరు చేదితే ఇంకొకరు కుండలో పోసినట్టు నడిచింది. నువ్వు కోపపడటం న్యాయమేనా అని దేవుడు అడిగినాడు. ప్రవక్త జవాబు చెప్పకుండా ఊరి బయటికి పోయి, ఏమవుతుందో చూద్దామని కూర్చున్నాడు. ఎండ మాడుతుంటే దేవుడు ఒక సొరపాదు మొలిపించి నీడ ఇచ్చినాడు. ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. మరునాడు పొద్దున ఒక పురుగు వచ్చి పాదును కొరికింది. ఎండిపోయింది. ఎండ నెత్తిన పడితే మళ్లీ చస్తానన్నాడు.

ఇక్కడికి వచ్చేసరికి నేను బొమ్మ వైపు తిరిగినాను. జనం వైపు తిరగబుద్ధి కాలేదు.

"దేవుడు ఏమన్న్యాడంటే అక్కా, ఆ పాదు నువ్వు పెట్టిందీ కాదు, నీళ్లు పోసిందీ కాదు. ఒక రాత్రిలో వచ్చి ఒక రాత్రిలో పోయింది. దానికే నీకింత బాధయితే, ఆ పట్టణంలో కుడిచెయ్యి యాదో ఎడమచెయ్యి యాదో తెలియనోళ్లు అంతమంది ఉండారే, గొడ్లూ గోదా ఉండాయే, వాళ్ల మింద నేను కనికరపడగూడదా అని."

అంత మాటా నేను ఒక్క ఊపిరిలో అనలేకపోయినాను. ముక్కలు ముక్కలుగా అన్నాను. గొడ్లూ గోదా అన్నచోట గొర్రెల ముసలమ్మ తలూపింది.

"తర్వాత?" అని వెనక్కి అడిగినాను.

"తర్వాత ల్యాదక్కా."

"ప్రవక్త ఏమన్నాడు?"

"రాసి ల్యాదు. ఆడికే అయిపోయింది."

"నాకు చెప్పకుండా దాచుకోవాకు."

ఈసారి అందరూ నవ్వినారు. అయ్యగారు పుస్తకం తెరిచి ఆ పేజీ చూసి, "నిజమేనమ్మా, ప్రశ్న దగ్గరే అయిపోయింది" అన్నారు. ఎవరైనా జవాబు చెప్తారేమోనని కాసేపు చూసినాను. చుట్ట చుట్టి కిందికి దిగినాను.

మధ్యాహ్నం పెద్దలు లోపల కూర్చుని నన్ను పిలిచినారు. ఆమె గోడ పక్కన నిలబడి ఉంది. పెద్దల్లో ఒకాయన, "చూసింది ఇంకోసారి చెప్పమ్మా" అన్నాడు.

"బిడ్డను ఎత్తుకుని గుడి ముందర నిలబడింది. నేను చూసినాను. అది తప్పని నేను అప్పుడన్నాను, ఇప్పుడూ అంటున్నాను" అన్నాను.

"అయితే తీసెయ్యమంటావా?"

ఊ అంటే చాలు. ఆమె చేతులు చూసినాను. కొంగు అంచును వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది. నా నోట్లో మాత్రం పొద్దున అన్న మాటే ఇంకా తిరుగుతోంది.

"ఆ బిడ్డకు కుడీ ఎడమా తెలిసే వయసు కాదు" అన్నాను. "ఇంక నన్ను అడగొద్దండి. తీర్పు దాకానే నా పని. అవతలి సగం చెప్పేది నేను కాదు."

పెద్దాయన అయ్యగారి వైపు చూసినాడు. అయ్యగారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. నన్ను బయటికి పంపినారు.

ఆమెను మందలించి పనిలోనే ఉంచుకున్నారు. గది కూడా ఉంది. ఆ మాట బయటికి రాగానే ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరినారు. గొర్రెల ముసలమ్మ రెండు చేతులతో ఆమె చెంపలు నిమిరి మెటికలు విరిచింది. పొద్దున తుఫాను ఎట్లా చెప్పినానో నాతో ఒక్కరు కూడా అనలేదు.

నేను పోయి షామియానా చివర ఒక్కదాన్నే కూర్చున్నాను. లోపల భోజనాలు పెడుతున్నారు. ఆకలిగా ఉంది, పోలేదు. కాసేపటికి షామియానా అబ్బాయిలు తాళ్లు విప్పడం మొదలుపెట్టినారు. "లేమ్మా, గుంజ పీకాల" అన్నారు. లేవలేదు. వాళ్లు నా చుట్టూ పీక్కుంటూ పోయి, చివరికి నా నెత్తి మీది గుడ్డ కూడా లాగేసినారు. పెనుకొండ ఎండ ఎట్లాంటిదో అక్కడివాళ్లకు తెలుసు.

ఆమె గొడుగు తెచ్చి నాకు పట్టింది. గొడుగు నాదే. ఎండకు రంగు పోతుందని లోపల దాచిపెట్టుకుని ఉన్నాను.

"సంగటి ముద్ద గట్టిపడతాంది అక్కా. రా."

"నాకు ఆకలి ల్యా."

"కోపంగా ఉండావా?"

"ఉండా."

"న్యాయమేనా?"

"కథలు నాకు చెప్పొద్దు నువ్వు."

ఆమె నవ్వలేదు ఈసారి. తను ఎండలో నిలబడి గొడుగు నా మీదికే పట్టింది. గొడుగు రంగు పోతుందని లేచినాను. అంతే. పోయి అన్నం తిన్నాను. ఊరిబిండి పచ్చడిలో కారం చాలలేదు.

ఆ తర్వాత ఆమె వంతు మొదలైతే నేను బయటికి పోలేదు. తలుపు దగ్గర నిలబడి, చాపలు మడిచే పని ఉన్నట్టు ఒకటే చాప మడుస్తూ విప్పుతూ వినేదాన్ని. ఆమె బాగా చెప్పేది. నేను అనుకున్నదానికంటే బాగా చెప్పేది. వినకముందు ఉన్న కుళ్లు విన్నాక ఇంకా ఎక్కువైంది.

నేను పని మానేటప్పటికి చుట్ట పూర్తిగా చినిగిపోయింది. పారేస్తుంటే ఆఖరు బొమ్మ ఒక్కటి కత్తిరించి తెచ్చుకుని హిందూపురంలో మా వంటింటి గోడకు అతికించినాను. ఆమె ఇప్పుడు ధర్మవరంలో ఉంటుంది. పనికి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు కథ ఎట్లా చెప్పాలో నేర్చుకోవడానికి ఆమె ఇంటికే పోతారు. నా దగ్గరికి ఎవరూ రారు. ఆమే అప్పుడప్పుడు ఫోను చేస్తుంది, దుడ్లు దండగ అని నేను చెయ్యను.

"అక్కా, నీ గోడ మీది ఆయప్ప లేచి ఊళ్లోకి వచ్చినాడా?" అంటుంది.

"ఇంకా ల్యా. కోపంగానే కూచోని ఉండాడు" అంటాను.

ఆడపిల్లల్లారా, ఆమె దగ్గర నేర్చుకోండి, తప్పు లేదు. కాని ఆ కథ తుఫానుతో మొదలవుతుంది. ఆ సగం ఆమెకు రాదు. హిందూపురం దూరమేమీ కాదు.